విత్తనాల గిడ్డంగి ఒక్కటే చాలదు

సంపాదకులకు,

అంతరించిపోతున్న స్థానిక మొక్కల ప్రస్తావన వచ్చినప్పుడల్లా విత్తనాలు దాచిపెడితే సరిపోతుందన్న ధోరణి కనిపిస్తోంది. అది సగం నిజమే. బాగా ఆరబెట్టి, గాలి చొరబడకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ చలిలో ఉంచితే అనేక జాతుల విత్తనాలు దశాబ్దాల పాటు మొలకెత్తే శక్తిని నిలుపుకుంటాయి. కానీ ఓక్, కోకో, మామిడి వంటి చెట్ల గింజలు ఆరబెడితే చచ్చిపోతాయి. తడిగానే గడ్డకట్టిస్తే మంచు స్ఫటికాలు కణాల పొరలను చీల్చేస్తాయి.

ఇటువంటి వాటిని చలిలో దీర్ఘకాలం దాచడానికి మిగిలిన దారి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని. చిగురు కొననో, గింజలోని పిండాన్నో వేరుచేసి, గ్లిజరాల్, చక్కెర వంటివి కలిసిన రక్షక ద్రావణంలో ఉంచి, ఒక్కసారిగా చల్లబరిస్తే, లోపలి నీరు స్ఫటికంగా మారకుండా గాజులా బిగుసుకుంటుంది. ద్రావణంలో ఎన్ని నిమిషాలు ఉంచాలన్నది మాత్రం ఒక్కో జాతికి ఒక్కో లెక్క. కాస్త ఎక్కువైతే రక్షించాల్సిన ద్రావణమే విషమవుతుంది. ఈ లెక్క తేల్చడానికే ఏళ్లు పట్టవచ్చు కనుక, ఒక జాతి చివరి పది మొక్కలకు చేరాక పని మొదలుపెడితే ప్రయోగానికి చిగుళ్లే మిగలవు. పైగా ఒకే చెట్టు నుంచి వేయి చిగుళ్లు తీసినా అవి ఆ ఒక్క చెట్టు నకళ్లే. ఆర్కిడ్ల విషయంలోనైతే, సహజంగా మొలకెత్తడానికి తోడ్పడే శిలీంధ్రాన్నీ భద్రపరచాలి (దీన్ని ఎక్కువమంది మరచిపోతారు).

అందుచేత, ఎన్ని నమూనాలు దాచామన్న లెక్కతో పాటు, కరిగించాక ఎన్ని తిరిగి మొక్కలయ్యాయో కూడా ఇలాంటి గిడ్డంగుల నిర్వాహకులు ప్రకటించాలని, మీ పత్రిక ఆ ప్రశ్న అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు