మాంగాకు తేదీ చీటీ ఏ అట్టకు?

సంపాదకుడు గారికి,

గ్రూప్స్, డీఎస్సీ పుస్తకాలతో నిండిన మన గ్రంథాలయాల్లో మాంగా అనే జపాన్ బొమ్మల కథలకూ ఒక అర ఉండాలి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కట్టే ఇళ్ల పిల్లలే వాటిని చదివేది. 1904లోనే రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం పెట్టుకున్న హనుమకొండకు ఇది పెద్ద పనేం కాదు. కాకపోతే మాంగాను మామూలు పుస్తకంలా చూస్తే కొన్న డబ్బు వృథా.

మాంగా మనం వెనుక అట్ట అనుకునే వైపు నుంచి మొదలవుతుంది. పేజీలో గడులను కుడి నుంచి ఎడమకు, పై నుంచి కిందికి చదవాలి. ఒకే గడిలో రెండు మాటల బుడగలుంటే కుడిదే ముందు. బడి ప్రేమకథల్లో ఈ వరస తప్పితే హాస్యమే పోతుంది. 'కగుయా-సామా: లవ్ ఈజ్ వార్'లో శ్రీమంతుల బడి విద్యార్థి సంఘం అధ్యక్షుడికీ ఉపాధ్యక్షురాలికీ ఒకరంటే ఒకరికి ఇష్టం. ముందు బయటపడ్డవాళ్లు ఓడినట్టేనని ఇద్దరికీ పంతం. అతను పేదింటివాడు, కానీ పరీక్షల్లో మొదటి ర్యాంకు వదలడు. (మన ఇంటర్ పిల్లలకు ఈ ర్యాంకుల గోల చెప్పక్కర్లేదు.) కుడివైపు గడిలో ఆమె ఉచ్చు పన్నితే దాని పక్కనే ఎడమవైపు గడిలో అతని ముఖం మాడుతుంది. ఎడమ నుంచి చదివినవాడికి ముందు మాడిన ముఖం, తర్వాత ఉచ్చు కనిపిస్తాయి. ఇక నవ్వేం వస్తుంది?

అసలు చిక్కు సిబ్బంది అలవాటుతో వస్తుంది. ఎడమవైపు తెరవగానే 'ఇటు నుంచి కాదు, అటు నుంచి చదవండి' అని చెప్పే పేజీ చాలా ఇంగ్లిష్ ప్రతుల్లో ఉంటుంది. ముద్ర, నమోదు సంఖ్య సరిగ్గా దానిమీదే పడతాయి. పుస్తకం తిరిగివ్వాల్సిన తేదీ వేసే చీటీ అటు చివర, అంటే కథ మొదలయ్యే చోట అంటుకుంటుంది. చీటీని బార్‌కోడ్ ఉన్న అట్ట లోపలివైపే అంటించాలి, పేజీకి కాదు. వెన్నుమీద కాల్ నంబరు (పుస్తకం ఏ అరలో ఉండాలో చెప్పే అంకె) కాగితం సంపుటం అంకెను కప్పకూడదు.

ఈ పుస్తకాల వెన్ను బంకతో అతికించినది. బల్లమీద విరిచి పరిస్తే పేజీలు ఊడతాయి. అప్పుడు బైండరు పక్కకుట్టు వేస్తే లోపలి అంచు బుడగలు కుట్టులో కలిసిపోతాయి. ఊడిన పేజీని బంకతోనే అతికించాలి.

కొంటే సెట్టు మొత్తం కొనాలి. కగుయా 28 సంపుటాలు. నిధులు చాలకపోతే 18 సంపుటాల 'ఊరాన్ హైస్కూల్ హోస్ట్ క్లబ్' నయం. అందులో స్కాలర్‌షిప్పు మీద చేరిన అమ్మాయి 80 లక్షల యెన్‌ల పూలకుండీ పగలగొట్టి డబ్బున్న పిల్లల క్లబ్బుకు బాకీ పడుతుంది. రెండింటి ఇంగ్లిష్ ప్రతులూ విజ్ సంస్థవే. ఆ సంస్థ పుస్తకాలపై 'టీ' అని ఉంటే 13 ఏళ్లు, 'టీ ప్లస్' అని ఉంటే 16 ఏళ్లు నిండినవారికి. బొమ్మలున్నాయి కదా అని బాలల విభాగంలో సర్దేముందు ఆ గుర్తు చూడాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ