‘నూనె: తగినంత’ అంటే ఎన్ని క్యాలరీలు?

సంపాదకులకు నమస్కారం.

బరువు తగ్గాలనుకునేవాళ్లకు పత్రికల ఆరోగ్య పేజీల్లో తరచూ కనిపించే సలహా ఒకటుంది: ఫోనులో క్యాలరీల యాప్ వేసుకుని, తిన్నదల్లా రాసుకోమని. సలహా మంచిదే. అదే పత్రికలో రెండు పేజీలు తిప్పితే వంటల శీర్షికలో ‘నూనె: తగినంత’ అని ఉంటుంది. ఈ రెండూ పొసగవు. పొద్దున్నే గంట నడిచి, తిన్న ప్రతి ముద్దా యాప్‌లో ఎక్కించినా రెండు నెలలకు బరువు కదలక విసిగి వదిలేసేవాళ్లున్నారు. వాళ్ల లెక్కలు తీసి చూస్తే తప్పు చాలాసార్లు నడకలో ఉండదు, ‘తగినంత’ దగ్గరా ‘ఒక కప్పు’ దగ్గరా ఉంటుంది.

మొదటి పొరపాటు అన్నంతోనే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 528 పదార్థాలతో 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాములకు 356 క్యాలరీలు. ఇది వండని బియ్యం లెక్క. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130. యాప్‌లో ‘రైస్’ అని కొడితే రెండూ పక్కపక్కనే వస్తాయి. కంచంలోని 250 గ్రాముల అన్నానికి వండని బియ్యాన్ని ఎంచుకుంటే 325 రావాల్సిన చోట 890 వస్తుంది. ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి దిద్దుకుంటారు. దీనికి తిరగేసిన తప్పే ప్రమాదం: 100 గ్రాముల బియ్యం పోసి వండి, ఆ అన్నమంతా తిని, ‘అన్నం 100 గ్రాములు’ అని రాస్తే 226 క్యాలరీలు చప్పుడు లేకుండా మాయమవుతాయి. రొట్టెకు జొన్నపిండి, సంకటికి రాగిపిండి, పప్పుకు కందిపప్పు, అన్నింటికీ ఇదే తిరకాసు. ఆ పట్టికల్లో శక్తిని కిలోజౌల్స్‌లో ఇచ్చారని కూడా గుర్తుపెట్టుకోవాలి. 4.184తో భాగిస్తేనే మనం మాట్లాడుకునే క్యాలరీలు వస్తాయి. బియ్యం దగ్గర కనిపించే 1491 చూసి కంగారు పడనక్కర్లేదు.

ఎసరు ఎంత పోశారు, బియ్యం పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి అన్నం బరువు మారుతుంది. పాత బియ్యం నీళ్లు ఎక్కువ తాగుతుంది. అందుకే ఏ యాప్‌లోని అంకెనూ కళ్లు మూసుకుని నమ్మకుండా మీ గిన్నె లెక్క మీరే కట్టుకోవడం మేలు. కావలసింది ఒక్క గ్రాము తేడా కూడా చూపే, 5 కిలోల దాకా తూచే డిజిటల్ కాటా. ఖాళీ కుక్కరును, కూర గిన్నెలను ఒకసారి తూచి, ఆ బరువులు వంటింటి అల్మరా తలుపు లోపలివైపు రాసిపెట్టండి. గిన్నె పెట్టి సున్నా చేసుకునే టేర్ బటన్ ఉంది కదా అంటారేమో. కాసేపు ముట్టుకోకపోతే చాలా కాటాలు వాటంతట అవే ఆగిపోతాయి, ఆ సున్నా కూడా పోతుంది. పప్పు ఉడికే లోపు జరిగేది అదే.

టమాటా పప్పు చూద్దాం. కందిపప్పు 150 గ్రాములు, దాదాపు 500 క్యాలరీలు. టమాటాలు పావుకిలో, 50. పోపులో నూనె 20 గ్రాములు, 180. మొత్తం 730. పప్పు దించాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేస్తే 900 గ్రాములు వచ్చిందనుకుందాం. 100 గ్రాములకు 81 అన్నమాట. కంచంలో 200 గ్రాములు వేసుకుంటే 162. ఈ వంటకాన్ని యాప్‌లో ‘మా ఇంటి టమాటా పప్పు’ అని ఒకసారి దాచుకుంటే, తర్వాత దినుసులూ దించాక బరువూ మారినప్పుడు మాత్రం దిద్దితే చాలు. నీళ్లు ఎక్కువై పప్పు జారైతే మొత్తం క్యాలరీలు మారవు, 100 గ్రాములకు వచ్చేవి తగ్గుతాయి.

ఇక నూనె. అసలు తగవంతా దీనితోనే. పిండిపదార్థాలూ మాంసకృత్తులూ గ్రాముకు 4 క్యాలరీలిస్తే నూనె, నెయ్యి దాదాపు 9 ఇస్తాయి. చిన్న చెంచా నూనె అయిదు మిల్లీలీటర్లు, నలభై క్యాలరీలు. పెద్ద చెంచా 15 మిల్లీలీటర్లు, 120కి పైనే. పోపు గరిటెతో పోసేటప్పుడు అది ఎన్ని చెంచాలో చేతికి తెలియదు. దీనికి సులువైన కిటుకు ఉంది: నూనె డబ్బానే కాటా మీద పెట్టి సున్నా చేయండి, మూకుట్లో పోసి డబ్బాను మళ్లీ కాటా మీద పెట్టండి. మైనస్‌లో కనిపించే అంకే మీరు పోసిన నూనె. పునుగులు, బజ్జీలు వేయించిన రోజు మూకుడుతో సహా నూనెను ముందూ తర్వాతా తూచండి. తగ్గినది దాదాపుగా పిండి పీల్చుకున్నదే.

రోజూ ఇంత ఓపిక ఎక్కడిది అనేవాళ్లు నెలకోసారి ఒక్క లెక్క చేయండి. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు అయిపోతే మనిషికి రోజుకు 30 గ్రాములు, అంటే 270 క్యాలరీలు. యాప్‌లో మీ పేరున ఇంటివంటలో రోజుకు 10 గ్రాముల నూనే కనిపిస్తుంటే, మిగతా 180 ఎక్కడికి పోయాయి? ఆవకాయ మీద తేలే నూనె, కారప్పొడిలో కలుపుకునే నెయ్యి ఈ లెక్కలోకి కూడా రావు. నాలుగు ఇడ్లీలు 240 దగ్గర ఆగుతాయి. వాటి పక్కన పల్లీ చట్నీలో 20 గ్రాముల పల్లీలుంటే ఇంకో 110, పైన 10 గ్రాముల నెయ్యి వేస్తే ఇంకో 90. ఇడ్లీని లెక్కపెట్టి చట్నీని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఫొటో తీస్తే క్యాలరీలు చెప్పే యాప్‌లకూ ఇదే జబ్బు. కూర పరిమాణాన్ని అవి ఎంతోకొంత ఊహించగలవేమో గానీ, అందులో కలిసిపోయిన నూనె కెమెరాకు కనపడదు.

ఇంకో పెద్ద తప్పు వ్యాయామాన్ని రెండుసార్లు లెక్కపెట్టడం. ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నా ఒంటికి రోజుకు ఎన్ని క్యాలరీలు ఖర్చవుతాయో అంచనా వేయడానికి చాలా యాప్‌లు వాడే మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రం 1990 నాటిది. కిలోల్లో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో గుణించి కలిపి, వయసును 5తో గుణించి అందులోంచి తీసేయాలి. ఆడవాళ్లకు ఇంకో 161 తగ్గించాలి, మగవాళ్లకు 5 కలపాలి. 68 కిలోలు, 157 సెంటీమీటర్లు, 38 ఏళ్ల మహిళకు 1310 వస్తుంది. కూర్చుని చేసే పని అయితే దీన్ని 1.2తో, కాస్త నడిచేవాళ్లయితే 1.375తో గుణిస్తే రోజు మొత్తం ఖర్చు వస్తుంది: 1570, 1800. రోజూ గంట నడుస్తానని 1.375 ఎంచుకున్నాక, ఆ నడకను మళ్లీ ‘వ్యాయామం’ కింద ఎక్కించకూడదు. గంటకు 5 కిలోమీటర్ల నడకకు యాప్ 240 దాకా చూపిస్తుంది. అందులో 70 దాకా ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. ఖర్చయిన క్యాలరీలు చూపే చేతి గడియారాల అంకెలను అసలు ఆహారం లెక్కలో కలపకపోవడమే మంచిది. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు పరికరాలను పరీక్షిస్తే, ఖర్చయిన క్యాలరీల విషయంలో అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది.

సూత్రం ఇచ్చేదీ అంచనాయే. 1800కి 400 తగ్గించి 1400తో మొదలుపెడితే వారానికి మూడు వందల యాభై గ్రాములకు కాస్త అటూ ఇటూ తగ్గాలి. రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు తూగి, ఏడు రోజుల సగటును ముందు వారం సగటుతో పోల్చండి. పచ్చడి, అప్పడాలు గట్టిగా తిన్న మర్నాడు, నెలసరి ముందు రోజుల్లో పెరిగేది చాలావరకు నీరే. మూడు వారాలు చూశాకే రోజుకు తినే క్యాలరీల అంకెను 100 మార్చండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పెరిగే వయసు పిల్లలు, ఇప్పటికే సన్నగా ఉన్నవాళ్లు, తిండి విషయంలో భయాలు, అతి నియమాలు ఉన్నవాళ్లు ఈ లెక్కల జోలికి సొంతంగా పోవద్దు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడే మధుమేహులు డాక్టరును అడగకుండా తిండి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

మీకు ఒక విన్నపం. వంటల శీర్షికలో ‘తగినంత’, ‘ఒక కప్పు’, ‘గుప్పెడు’ బదులు గ్రాములు వేయండి, చివర దించాక వచ్చే బరువు ఇవ్వండి. ఉదాహరణకు: ‘పులిహోర. బియ్యం 250 గ్రాములు, నూనె 60, పల్లీలు 40, పోపు పప్పులు 20, చింతపండు 30. మొత్తం సుమారు 1800 క్యాలరీలు. కలిపాక 850 గ్రాములు. 100 గ్రాములకు 210.’ ఉప్పు, పసుపు, కరివేపాకు ‘తగినంత’ అని రాసినా ఇబ్బంది లేదు.

– ఒక డైటీషియన్, విజయవాడ