మెషీన్ కొనే ముందు మీ ఇంటి కుళాయి ఒకసారి చూడనివ్వండి

నమస్కారం అండీ. బెంగళూరు రామమూర్తి నగర్‌లో మన షాపుకి వచ్చే అందరికీ, ముఖ్యంగా ఈ పండగలకి కొత్త వాషింగ్ మెషీన్ తీసుకుందామని అనుకుంటున్న వాళ్ళకి ఈ విషయం చెప్పాలి. ఈ నెల నుంచి మెషీన్లు అమ్మే పద్ధతి మారుస్తున్నాం. మోడల్ చూసుకుని అడ్వాన్స్ కట్టి వెళ్తే సాయంత్రానికి బండిలో వేసి పంపించడం ఇక ఉండదు. ముందు మా టెక్నీషియన్ మీ ఇంటికి వచ్చి నీళ్ళు, కుళాయి, కరెంటు పాయింటు, మెషీన్ పెట్టే చోటు చూసి వెళ్తాడు. ఏ మెషీన్ అన్నది ఆ తర్వాతే మాట్లాడుకుందాం. దీనికి 300 రూపాయలు తీసుకుంటాం, మా దగ్గర కొంటే బిల్లులో తగ్గిస్తాం. బయట కొన్నా ఏమీ అనుకోం, చూసిన వివరాలన్నీ కాగితం మీద రాసి మీ చేతికే ఇస్తాం.

"ఫోన్‌లో ఆర్డర్ పెడితే రేపటికల్లా ఇంట్లో ఉంటుంది కదన్నా, మళ్ళీ ఇంటికి రావడం ఎందుకు?" అని ఇప్పటికే చాలామంది అడిగారు. అడగాల్సిన మాటే. మాది అమ్మకాలతో పాటు రిపేర్లు కూడా చేసే షాపు కాబట్టి మెషీన్ కొన్న రోజే కాదు, రెండేళ్ళ తర్వాత అది ఎలా ఉందో కూడా మాకు కనిపిస్తుంది. మా దగ్గరికి రిపేరుకి వచ్చే వాటిలో చాలా మెషీన్లు మంచివే, ఆ ఇంటికి సరిపడవు అంతే. ఎన్ని కిలోలు, ఎన్ని ప్రోగ్రాములు, వైఫై ఉందా లేదా అని వారాల తరబడి వెతికి కొంటారు, ఇంట్లో ఏ నీళ్ళు వస్తున్నాయో మాత్రం చూసుకోరు.

మన వైపు నీళ్ళ సంగతి మీకు తెలిసిందే. కె.ఆర్.పురం, హొరమావు, కగ్గదాసపుర, మారతహళ్ళి, ఇవన్నీ ఏళ్ళ తరబడి బోరు మీద, ట్యాంకర్ మీద బతికిన ఏరియాలు. 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం కావేరి ఐదో స్టేజి 2024 అక్టోబరులో మొదలైంది, రోజుకి 775 మిలియన్ లీటర్లు అదనంగా తెచ్చే స్కీము అది. దాంతో "మాకు కావేరి వచ్చేసింది" అని సంతోషంగా చెప్పేవాళ్ళు పెరిగారు, మాకూ సంతోషమే. కానీ సంపు మూత తీసి చూస్తే కావేరి పైపు, బోరు పైపు, ట్యాంకర్ గొట్టం మూడూ అందులోకే దిగుతాయి. వానాకాలంలో ఒక రకం నీళ్ళు, మార్చి ఏప్రిల్‌లో ఇంకో రకం. మీ మెషీన్‌లోకి వెళ్ళేది ఆ కలిసిన నీళ్ళే.

గట్టి నీళ్ళు, అదే మనం ఉప్పునీళ్ళు అనేవి, మెషీన్‌లో నీళ్ళు వేడిచేసే హీటర్‌ని ఏం చేస్తాయో చూడాలంటే షాపుకి రండి, కౌంటర్ మీద ఒకటి పెట్టాను. హొరమావులో ఒక అపార్ట్‌మెంట్‌లోని ఫ్రంట్ లోడ్, అంటే ముందు తలుపుండే మెషీన్ నుంచి తీసింది. కొత్తగా ఉన్నప్పుడు వేలు కన్నా సన్నగా, స్టీలు మెరుపుతో ఉండే కడ్డీ అది. ఇప్పుడు దాని చుట్టూ తెల్లగా, అక్కడక్కడా గోధుమరంగులో గట్టి పొర కట్టేసింది, స్క్రూడ్రైవర్‌తో కొడితే పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం వేడి తగలగానే గట్టిపడి హీటర్‌కే అంటుకుంటాయి. పొర మందమయ్యేకొద్దీ వేడి నీళ్ళలోకి పోదు, కరెంటు ఎక్కువ కాలుతుంది, చివరికి హీటర్ కాలిపోతుంది. ఆ ఇంట్లో పిల్లల బట్టలని రోజూ 60 డిగ్రీల్లో ఉతికేవాళ్ళు. మంచి అలవాటే, ఆ నీళ్ళకే పనికిరాదు.

చాలామంది టీడీఎస్ పెన్ను పెట్టి చూసి "400 ఉంది, ఓకే కదా" అంటారు. టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగినవన్నీ కలిపి, అందులో కాల్షియం మెగ్నీషియం ఎంతో ఆ పెన్ను చెప్పదు. మనకి కావాల్సింది ఆ లెక్కే, దాన్ని హార్డ్‌నెస్ అంటారు. తాగే నీళ్ళకి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) స్టాండర్డ్‌లో హార్డ్‌నెస్ లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని ఉంది, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మెషీన్ల విషయంలో మేము పెట్టుకున్న గీత 300. అది దాటితే సాఫ్ట్‌నర్ (గట్టి నీళ్ళ కోసం కుళాయికి పెట్టే పరికరం) లేకుండా హీటర్ ఉన్న మెషీన్ ఇవ్వం, మీరు డబ్బులు కట్టేస్తామన్నా సరే. మా వాడు చుక్కల కిట్‌తో మీ కుళాయి దగ్గరే టెస్ట్ చేసి చూపిస్తాడు. మీరే ఒక అంచనాకి రావాలంటే చిన్న సీసాలో సగం దాకా నీళ్ళు పట్టి, స్నానం సబ్బు కొంచెం గీకి వేసి బాగా కుదపండి. నురగ నిలబడకుండా నీళ్ళు పాలలా తెల్లబడితే అవి ఉప్పునీళ్ళే. డిటర్జెంట్ సబ్బుతోనో సర్ఫ్‌తోనో చేస్తే ఈ తేడా తెలియదు, అవి ఏ నీళ్ళలో అయినా నురగ ఇస్తాయి.

సాఫ్ట్‌నర్ అంటే కూడా రెండు రకాలు అమ్ముతున్నారు, జాగ్రత్త. లోపల రెసిన్ ఉండి మధ్యమధ్యలో ఉప్పు పోసి కడగాల్సింది ఒకటి, అది నిజంగానే కాల్షియాన్ని లాగేస్తుంది. కుళాయికి బిగించే చిన్న ఫాస్ఫేట్ క్యాట్రిడ్జ్ ఇంకోటి, అది కాల్షియాన్ని తియ్యదు, అంటుకోకుండా కొంతవరకు ఆపుతుంది. హార్డ్‌నెస్ ఓ మోస్తరుగా ఉంటే క్యాట్రిడ్జ్ చాలు, బోరు నీళ్ళు మరీ గట్టిగా ఉంటే రెసిన్‌దే కావాలి. దానికి ఉప్పు వేసే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదంటే ఏ సాఫ్ట్‌నర్ పెట్టినా దండగే. అప్పుడు హీటర్ లేని టాప్ లోడ్, అంటే పైన మూత ఉండేది తీసుకోండి, నేను మొహమాటం లేకుండా అదే చెప్తాను. ఇప్పటికే ఫ్రంట్ లోడ్ ఉన్నవాళ్ళు టెన్షన్ పడకండి. రోజువారీ బట్టలు చన్నీళ్ళ ప్రోగ్రాంలో వేసుకోండి, హీటర్ ఆన్ కాకపోతే దాని మీద పొర అంతగా కట్టదు.

నీళ్ళ తర్వాత ప్రెషర్. ఇది పై అంతస్తులో అద్దెకుండే వాళ్ళ బాధ. ట్యాంకు నుంచి నీళ్ళు పది మీటర్లు కిందికి దిగితే ఒక బార్ ప్రెషర్ వస్తుంది, లెక్క అంతే. ఫ్రంట్ లోడ్‌లకి కంపెనీని బట్టి కనీసం 0.3 బారో 0.5 బారో అంతకన్నా ఎక్కువో కావాలని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. మూడో అంతస్తులో, నెత్తి మీదే ట్యాంకు ఉన్న ఇంట్లో కుళాయికీ ట్యాంకుకీ మధ్య రెండు మీటర్లు కూడా ఉండదు, అంటే 0.2 బార్ కూడా రాదు. అదే బిల్డింగ్‌లో గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళకి అదే మోడల్ హాయిగా తిరుగుతుంటుంది, పైన వాళ్ళకి మాత్రం సన్నటి ధారతో నింపీ నింపీ నీళ్ళు రావట్లేదని ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. మెషీన్‌లో ఏ లోపమూ ఉండదు. చిన్న బూస్టర్ పంపు పెడితే తీరిపోతుంది, కానీ ఆ పంపుకి ఓనర్ ఒప్పుకోవాలి, పాయింటు కావాలి, ఖర్చు మీదే. ఇవన్నీ కొనకముందే తెలిస్తే మంచిది కదా.

కరెంటు పాయింటు గురించి ఒక్క మాట. హీటర్ ఉన్న మెషీన్ దాదాపు 2 కిలోవాట్లు లాగుతుంది, 16 ఆంప్స్ సాకెట్, మంచి ఎర్తింగ్ తప్పనిసరి. బాల్కనీలో మొబైల్ ఛార్జింగ్ పెట్టుకునే చిన్న పాయింటుకి కన్వర్టర్ తగిలించి నడిపితే ప్లగ్గు కరిగి నల్లబడుతుంది, ఆ పని మాత్రం ఎవరూ చెయ్యొద్దు.

ఇక ఇంట్లో మనుషులు. పోయిన వారం నెల్లూరు నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒక అమ్మగారు షాపుకి వచ్చారు. వాళ్ళమ్మాయి "అమ్మకి మోకాళ్ళ నొప్పులు, వంగలేదు, టాప్ లోడే ఇవ్వండి" అంది. నేను టాప్ లోడ్ మూత తీసి, ఒక కర్చీఫ్ అడుగున వేసి "తియ్యండమ్మా" అన్నాను. ఆవిడ మునివేళ్ళ మీద లేచినా చెయ్యి అందలేదు, టబ్బు అంత లోతు. అదే ఫ్రంట్ లోడ్‌ని అడుగు ఎత్తు స్టాండ్ మీద పెట్టి చూపిస్తే కుర్చీ వేసుకుని కూర్చుని మరీ బట్టలు తీశారు. వంగలేని వాళ్ళకి టాప్ లోడ్ అన్నది అందరికీ కుదరదు, పొట్టిగా ఉన్నవాళ్ళకి అస్సలు కుదరదు. స్టాండ్ మాత్రం చక్రాలది వద్దు, స్పిన్‌లో నిమిషానికి 1200 సార్లు తిరిగే డ్రమ్ము దాని మీద నిలవదు, కాళ్ళు బిగించే గట్టి స్టాండ్ కావాలి.

బ్యాచిలర్స్‌కి, పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఇళ్ళు మారే వాళ్ళకి నా సలహా ఒకటే, తేలికైన టాప్ లోడ్. ఫ్రంట్ లోడ్ అరవై డెబ్బై కిలోలు ఉంటుంది, లిఫ్ట్ లేని మెట్ల మీద దాన్ని దింపడం మాటలు కాదు. పైగా ఇల్లు మారేటప్పుడు వెనకాల ట్రాన్సిట్ బోల్టులు బిగించాలి, లేకపోతే దారిలో కుదుపులకి డ్రమ్ము ఊగి లోపల సస్పెన్షన్ దెబ్బతింటుంది. కొత్త మెషీన్ బిగించేటప్పుడు మేము తీసి ఇచ్చే ఆ బోల్టులు పారెయ్యకండి, కవర్లో కట్టి మాన్యువల్‌తో పాటు దాచుకోండి. రోజు విడిచి రోజు నీళ్ళు వచ్చే ఇళ్ళకి సెమీ ఆటోమేటిక్‌ని కూడా తీసిపారెయ్యకండి. బకెట్‌తో నింపుకోవచ్చు, తెల్లబట్టలు ఉతికిన సబ్బునీళ్ళలోనే తర్వాత మాసిన బట్టలు వెయ్యొచ్చు. దగ్గరుండి చేసుకోవాలి, అదొక్కటే ఇబ్బంది.

కిలోల విషయంలో నాకు లాభం తగ్గే మాట చెప్తున్నాను. పెద్ద మెషీన్ అమ్మితే నాకు మిగిలేది ఎక్కువ. అయినా నలుగురున్న ఇంట్లో రెండు రోజులకోసారి ఉతుక్కుంటే 7 లేదా 8 కిలోలు చాలు. ఆ కిలోలు పొడి బట్టల బరువు. ఒక జీన్స్ ముప్పావు కిలో దగ్గర్లో, డబుల్ బెడ్‌షీట్ కిలోకి కాస్త అటూ ఇటూ తూగుతాయి, మీ బుట్టలో ఎన్ని ఉంటాయో మీరే లెక్క వేసుకోండి. రగ్గులు ఏడాదికి రెండుసార్లు ఉతుకుతాం, వాటి కోసం 10 కిలోలది కొని మిగతా రోజులు సగం ఖాళీగా తిప్పడం ఎందుకు?

"పదేళ్ళ వారంటీ" అని మెషీన్ మీద పెద్ద స్టిక్కర్ ఉంటుంది, దాని కింద చిన్న అక్షరాలు చదవండి. అది మోటారుకి మాత్రమే. మా దగ్గరికి రిపేరుకి వచ్చేవి మోటార్లు కావు. మెషీన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డులు, చిల్లర డబ్బులో హెయిర్‌పిన్నులో ఇరుక్కున్న డ్రెయిన్ పంపులు, చిరిగిన డోర్ రబ్బర్లు, ఎలుకలు కొరికిన వైర్లు, ఇవే ఎక్కువ. ఎలుకలు కొరికితే మామూలుగా కంపెనీ వారంటీ వర్తించదు. అందుకే గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకి అడుగున జాలీ మేమే ఉచితంగా బిగిస్తున్నాం. షాపు తరఫున బయటి కంపెనీల ఎక్స్‌టెండెడ్ వారంటీలు అమ్మేవాళ్ళం, అవి ఆపేశాం. క్లెయిమ్‌కి వెళ్తే బోర్డు కవర్ కాదనే మాట వినపడుతోంది, మా కస్టమర్‌కి ఆ మాట చెప్పడం నాకు ఇష్టం లేదు. మెషీన్ తయారుచేసిన కంపెనీ వాళ్ళే ఇచ్చేది తీసుకోండి, బోర్డు కవర్ అవుతుందా అని రాతపూర్వకంగా అడిగి మరీ తీసుకోండి.

ధరల గురించి కూడా దాపరికం లేకుండా చెప్పేస్తాను. జీఎస్టీ తగ్గింది కదా, ఎంత తగ్గిస్తారని అందరూ అడుగుతున్నారు. 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది ఏసీల మీద, పెద్ద టీవీల మీద, డిష్‌వాషర్ల మీద. వాషింగ్ మెషీన్ల మీద 2018 జులైలోనే 18 అయింది, ఇప్పుడు కొత్తగా తగ్గిందేమీ లేదు. ఎవరైనా "జీఎస్టీ డిస్కౌంట్" అని వాషింగ్ మెషీన్ చూపిస్తే అది వాళ్ళ మామూలు డిస్కౌంటే. సేల్ రోజుల్లో ఆన్‌లైన్ ధరతో నేను పోటీ పడలేను. నాకు వచ్చే కొనుగోలు ధర కన్నా తక్కువకి అక్కడ దొరికిన మోడళ్ళు ఉన్నాయి. అలాంటప్పుడు అక్కడే కొనుక్కోండి, 300 కట్టి మా చేత ఇల్లు చూపించుకుని కొనుక్కోండి. బిగించడానికి, సాఫ్ట్‌నర్‌కి, స్టాండ్‌కి మమ్మల్ని పిలిస్తే వస్తాం.

మా దగ్గర ఇల్లు చూడటానికి వెళ్ళేది ఇద్దరే, కాబట్టి దీపావళికి మెషీన్ ఇంట్లో ఉండాలనుకునే వాళ్ళు కనీసం పది రోజుల ముందు చెప్పండి. ఆదివారం మధ్యాహ్నం దాకానే వస్తారు. అపార్ట్‌మెంట్ వాళ్ళు సంపులోకి ఏ ఏ నీళ్ళు దిగుతాయో సెక్యూరిటీనో ప్లంబర్‌నో ముందే కనుక్కుని ఉంచండి, అద్దె ఇళ్ళ వాళ్ళు బూస్టర్ పంపుకీ 16 ఆంప్స్ పాయింటుకీ ఓనర్‌ని అడిగి ఉంచండి. మా వాడు వచ్చినప్పుడు రోజూ మెషీన్ వాడేది ఎవరో వాళ్ళు ఇంట్లో ఉండేలా చూసుకోండి, కొలతలు వాళ్ళ చేతికి అందేలా తీసుకోవాలి.