టొరంటోలో హైహీల్స్ వేసుకున్న మగవాడి గురించి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో విదేశీ నగరాల విశేషాలు వేసే పుటలో ఒక ఫొటో అచ్చయింది. టొరంటోలో కాలిబాట మీద నడిచి వెళుతున్న ఒక నడివయసు మగవాడు, ఒంటిమీద మామూలు ప్యాంటూ చొక్కా, కాళ్లకు మాత్రం నల్లటి హైహీల్స్. దాని కింద మీరు పెట్టిన వ్యాఖ్య "ఆడవాళ్ల చెప్పుల్లో అయ్యగారి షికారు". ఆ ఫొటోలో ఉన్నది నేను కాదు, కాని నేనే అయి ఉన్నా ఆశ్చర్యం లేదు. కిందటేడు జూన్‌లో అదే నగరంలో, ఇంచుమించు అలాంటి బూట్లే తొడుక్కుని తొమ్మిది రోజులు తిరిగినవాణ్ణి కనుక, ఆ ఒక్క వాక్యంలో దొర్లిన పొరపాట్ల గురించి, ఆ పుటలో చోటు దొరకని కొన్ని సంగతుల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా "ఆడవాళ్ల చెప్పులు" అన్న మాట. ఎత్తు మడమ మొదట వచ్చింది మగవాడి కాలికే. పర్షియా రౌతులు పరిగెత్తే గుర్రం మీద రికాబుల్లో లేచి నిలబడి బాణం వేసేటప్పుడు పాదం జారిపోకుండా పట్టి ఉంచింది ఆ మడమే. 1599లో పర్షియా రాజు షా అబ్బాస్ యూరప్ రాజుల దగ్గరికి రాయబారులను పంపిన దరిమిలా పర్షియా మోజు అక్కడి దొరలను పట్టుకుంది, దానితోపాటు ఈ మడమ కూడా గుర్రం దిగి దర్బారులోకి వచ్చింది. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ 1701లో రిగో అనే చిత్రకారుడి చేత గీయించుకున్న నిలువెత్తు బొమ్మను ఒకసారి చూడండి. పట్టాభిషేక వస్త్రాన్ని పక్కకు తప్పించి, మేజోళ్లు తొడిగిన కాలిని ముందుకు చాపి, ఎర్రటి మడమలు అందరికీ కనిపించేటట్టు నిలుచున్నాడాయన. ఆయన కొలువులో ఎర్ర మడమ హోదాకు గుర్తు. ఆ బూట్లను మగవాళ్లను చూసి ఆడవాళ్లు తొడిగారు, పద్దెనిమిదో శతాబ్దం నడిమికల్లా మగవాళ్లు వదిలేశారు, ఆ తరువాత అవి ఎవరివో అందరూ మరిచిపోయారు. అరువు ఎవరు ఎవరి దగ్గర తెచ్చుకున్నారన్న లెక్క తీస్తే మీ వ్యాఖ్య తలకిందులవుతుంది.

మీరు ఫొటో వేసిన నగరంలోనే ఈ చరిత్రకు ఒక ఇల్లు ఉండటం మీ విలేఖరి దృష్టికి రాకపోవడం నన్ను కొంత బాధించింది. బ్లూర్ వీధిలో 1995లో తెరిచిన బాటా పాదరక్షల మ్యూజియం మూత కాస్త పక్కకు జరిపిన బూట్ల పెట్టెలా ఉంటుంది. 13 వేలకు పైగా పాదరక్షలను సేకరించిన ఆ సంస్థ 2015లో మగవాళ్ల ఎత్తు మడమల చరిత్ర మీదే ప్రత్యేకంగా ఒక ప్రదర్శన ఏర్పాటు చేసింది. నేను వెళ్లేనాటికి ఆ ప్రదర్శన ముగిసి చాలా ఏళ్లయింది. అయినా ఆ మెట్లు హైహీల్స్‌తోనే ఎక్కాలన్న పంతంతో వెళ్లాను. టికెట్లు ఇచ్చే అమ్మాయి నా ముఖం కంటే ముందు నా కాళ్లే చూసింది. నా గుండె ఒక్క క్షణం ఆగినట్టయింది గాని, నా వెనక నిలబడ్డ పెద్దమనిషి మామూలు తోలు బూట్లనూ ఆమె అలాగే చూడటంతో తేలిక పడ్డాను. పాదరక్షల మ్యూజియంలో పనిచేసేవాళ్లకు అది వృత్తిధర్మం కాబోలు.

ఇక "షికారు" అన్న మాట. ఎత్తు మడమ మీద నడవటం ఎదుటివాళ్ల వినోదం కోసం వేసే వేషమని ఆ మాటలో ధ్వని ఉంది. నిజానికి అది పట్టుబట్టి నేర్చుకోవలసిన పని. బయలుదేరడానికి మూడు నెలల ముందు నుంచి ప్రతి రాత్రీ ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాను. నేర్పింది నా భార్య. మొదటి వారమంతా ఆమె అన్నది ఒక్కటే మాట: "ఏమండీ, కిందకి చూడకండి, ఎదురుగా చూడండి." కిందకి చూస్తే తల ముందుకు వాలుతుంది, తల వాలితే ఒళ్లు వాలుతుంది, మడమ ఎత్తుగా ఉన్నప్పుడు ఎటూ బరువంతా మునిపాదం మీదే పడుతుంది కనుక ఇక తూలక తప్పదు. అడుగు చిన్నదిగా వేయాలి, మోకాలు బిగపట్టకూడదు, మడమ ముందు ఆని వెంటనే వేళ్లు ఆనాలి. పిక్కలు సాగి నొప్పి పుట్టకుండా పొద్దున్నా సాయంత్రమూ గోడకు చేతులు ఆనించి కాళ్లు సాగదీయాలి. ఇవన్నీ ఆమెకు ఎవరూ నేర్పలేదట, తనంతట తానే పడిలేచి నేర్చుకుందట.

మగవాళ్లకు ఇందులో ఉన్న చిక్కుల్లో మొదటిది కొలత. ఉత్తర అమెరికా లెక్కలో మగవాళ్ల అంకెకు సుమారు ఒకటిన్నర కలిపితే ఆడవాళ్ల అంకె వస్తుంది, అంటే పది తొడిగేవాడు పదకొండున్నర వెతుక్కోవాలి, అంత పెద్దవి దొరికే దుకాణాలు తక్కువ. దొరికినా వేళ్ల దగ్గర ఇరుకు. పొడుగు పాదానికి ఉన్న లాభం ఒకటుంది. చిన్న పాదాన్ని దాదాపు నిలబెట్టేసే మూడంగుళాల మడమ, పెద్ద పాదానికి నెమ్మదైన వాలు మాత్రమే. ఈ సంగతి తెలియక నేను మొదట అంగుళంన్నరతో సరిపెట్టుకుని, అది ఇటు హీల్సూ కాక అటు మామూలు బూటూ కాక తంటాలు పడ్డాను. బరువైన ఒంటికి సన్నటి మేకులాంటి మడమ కంటే దిమ్మలా ఉండే వెడల్పు మడమ మేలని కూడా అనుభవం మీదే తెలిసింది.

ఆ అనుభవం ఎదురైన చోటు డిస్టిలరీ డిస్ట్రిక్ట్. 1832లో మొదలైన ఒక మద్యం కంపెనీ పాత భవనాలను బాగుచేసి, 2003లో నడిచేవాళ్ల కోసం తెరిచిన పేట అది. ఎర్రటి ఇటుకల గోడలు, కింద కూడా ఇటుకలే, ఇటుకకూ ఇటుకకూ మధ్య సందులు. ఆ రోజు, అప్పటికి నాలుగు రోజులుగా ఆ నగరంలో తూలకుండా నడిచానన్న పొగరు కొద్దీ, సన్నటి మడమల జత తొడుక్కుని వెళ్లాను. పది అడుగులు వేశానో లేదో ఎడమ మడమ సందులో దిగబడింది. కాలు బయటికి వచ్చింది, బూటు అక్కడే నిలబడిపోయింది. ఒంటికాలి మీద కొంగలా నిలుచున్న నన్ను పక్కన బెంచీ మీద కూర్చున్న ఒక ముసలమ్మ చూసింది. లేచి వచ్చి నా మోచేయి పట్టుకుని, నేను బూటు పీక్కునేదాకా ఉండి, "ఇక్కడికి లావు మడమలవి వేసుకు రావాలి నాయనా, నేను కూడా ఇలాగే ఒక జత పోగొట్టుకున్నాను" అని చెప్పి వెళ్లి మళ్లీ కూర్చుంది. మగవాడివి నీకెందుకివి అని ఆమె అడగలేదు. ఈ ఇటుకల మీద ఆ మడమ పనికిరాదన్నదే ఆమెకు పట్టిన విషయం.

ఆ లాగుడులో మడమ అడుగున ఉండే రబ్బరు బిళ్ల ఊడిపోయింది. ఆ నగరం నడిబొడ్డున నేల కింద పాత్ అనే నడవలు 30 కిలోమీటర్లకు పైగా అల్లుకుని ఉన్నాయి, అందులో బూట్లు బాగుచేసే ఒక చిన్న గది కనిపించింది. ఏం చెప్పాలో ముందే కూడబలుక్కుని వెళ్లాను. అవి మా ఆవిడవని అబద్ధం చెబుదామా అన్న ఆలోచన కూడా వచ్చిందని ఒప్పుకోవాలి. తీరా ఆ మనిషి బూటును తిరగేసి చూసి అడిగింది ఒక్కటే: "ఒక్కటే మార్చాలా, రెండూనా?" రెండూ మార్చమన్నాను. అబద్ధం నోట్లోనే ఉండిపోయింది.

ఆదరణ అంటే చప్పట్లు కొట్టి స్వాగతం పలకడమని నేను వెళ్లేముందు అనుకున్నాను. ఆ తొమ్మిది రోజుల్లో నాకు దొరికినది అది కాదు. వీధి ట్రామ్ ఎక్కితే పక్కవాళ్లు కాస్త జరిగి చోటిచ్చి మళ్లీ ఫోన్లలో తల దూర్చారు. 2019 చివరికి పాత మెట్ల ట్రాములన్నీ పోయి నేలమట్టంగా ఎక్కే కొత్తవి మాత్రమే మిగలటం మడమల మీద ఉన్నవాడికి ఎంత ఉపకారమో నాకే తెలుసు. ట్రామ్ పట్టాల మధ్య గాడిని మాత్రం అడ్డంగా దాటాలి, ఏటవాలుగా అడుగు వేస్తే మడమ అందులో పడుతుంది. కాలిబాట మీద గాలి కోసం వేసిన ఇనప జాలీలను చుట్టు తిరిగి పోవాలి.

అంతా పూలబాటేనని చెబితే అబద్ధమవుతుంది. ఒక రాత్రి కారులో పోతున్న కుర్రాళ్లు ఏదో అరిచి నవ్వుకుంటూ పోయారు. అంతకన్నా నన్ను నొప్పించింది మాతో ఒకే బృందంగా వచ్చిన ఒకాయన నా వెనక నడుస్తూ నా కాళ్లను రహస్యంగా వీడియో తీయడం. నా భార్య గమనించి, "అన్నయ్యగారూ, ముందునుంచి తీసుకోండి, ముఖం కూడా పడుతుంది" అనడంతో ఫోన్ జేబులో పెట్టేశాడు.

ఆ నగరపు ఉదాసీనత గాలిలోంచి ఊడిపడలేదు. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రం 2012లో తన మానవహక్కుల చట్టంలో లింగ గుర్తింపుతో పాటు లింగ వ్యక్తీకరణను కూడా చేర్చింది. అంటే మనిషి తన తీరును దుస్తులతో, జుట్టుతో, నడవడితో బయటికి ఎలా కనబరుస్తాడన్న కారణంగా ఉద్యోగంలోగాని, ఇల్లు అద్దెకివ్వడంలోగాని, హోటల్లోగాని వివక్ష చూపడం కుదరదు. 2017లో కెనడా దేశ చట్టంలోనూ ఆ మాటలు చేరాయి. కుర్రాళ్ల కూతలను ఏ చట్టమూ ఆపలేదు, కాని హోటల్ గుమాస్తా నన్ను చూసి గది లేదనలేడన్న ధీమా మాత్రం కాళ్ల కింద నేలలా ఉంటుంది. ఇంతకీ మీరు ఏ కోవకు చెందుతారు అని తిరిగొచ్చాక నన్ను అడిగినవాళ్లున్నారు. ఆ చట్టం కింద ఆ ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు, అందుకే నేనూ చెప్పలేదు.

అదే 2017లో ఆ రాష్ట్రం మరో నియమం చేసింది. దాన్ని చదివి వినిపించినప్పుడు నా భార్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పని భద్రత కోసమైతే తప్ప, ఉద్యోగులు ఎత్తు మడమలు వేసుకుని తీరాలని యజమాని శాసించకూడదు. వినోద, ప్రకటనల రంగాల్లో ప్రదర్శనలిచ్చేవాళ్లకు మాత్రమే మినహాయింపు. పెళ్లికి ముందు ఆమె ఒక హోటల్లో అతిథులను ఆహ్వానించే ఉద్యోగం చేసింది. రోజుకు ఎనిమిది గంటలు నిలబడే పని, హీల్స్ తప్పనిసరి, బొబ్బలు లేచాయని ఒక రోజు చెప్పులతో వెళితే వెనక్కి పంపించారు. ఆ ఉద్యోగం మానేశాక ఆమె మళ్లీ ఎత్తు మడమ తొడగలేదు, టొరంటోలో కూడా నా పక్కన చదునైన గుడ్డ బూట్లతోనే నడిచింది. "మీకు సరదా, నాకు యూనిఫారం" అంది ఒకసారి, కోపం లేకుండానే. వద్దన్న మనిషికి తొడిగించే యజమానిని ఆపిన ప్రభుత్వమే, కావాలన్న మనిషిని తరిమే యజమానినీ ఆపుతోంది. మీ ఫొటో పక్కన ఈ రెండు నియమాలనూ నాలుగు వాక్యాల్లో రాసి ఉంటే, ఆ పుట చదివిన ఉద్యోగినులు కొందరైనా దాన్ని కత్తిరించి దాచుకునేవారు.

మరొక విషయం. ఆడవాళ్ల మీద హింసకు నిరసనగా మగవాళ్లు హైహీల్స్ వేసుకుని ఒక మైలు నడిచే కార్యక్రమం 2001లో అమెరికాలో మొదలై టొరంటో దాకా వచ్చింది. ఉద్దేశం మంచిదే, దాన్ని తప్పుపట్టను. అయితే అక్కడ తూలుతూ నడిచేవాడికి చప్పట్లు పడతాయి, అదే వీధిలో తూలకుండా నడిచేవాడి ఫొటో కింద మీరు వెక్కిరింత రాస్తారు. మగవాడు మడమలు ఎక్కితే పడిపోవాలి, లేదా క్షమాపణగా నవ్వాలి అన్న ఒప్పందమేదో మన మధ్య రాయకుండానే అమల్లో ఉన్నట్టుంది.

మీకు నా మనవి పెద్దదేమీ కాదు. ఆ ఫొటో ఆయన అనుమతితో తీసిందో లేదో వచ్చే సంచికలో తెలియజేయండి, అనుమతి లేకపోతే ముఖం గుర్తుపట్టేటట్టు వేసినందుకు విచారం ప్రకటించండి. "ఆడవాళ్ల చెప్పులు" అన్న మాటకు సవరణ వేయండి. ప్రయాణాల పుటలో ఆడవాళ్ల కోసం మీరు తరచూ ఇచ్చే పాదరక్షల సలహాలను ఇకమీదట ఆడవాళ్లకు, మగవాళ్లకు అని విడదీయకుండా ఏ బాటకు ఏ మడమ, ఏ పాదానికి ఏ కొలత అన్న లెక్కన ఇవ్వండి.

ఈ ఉత్తరం రాస్తూ ఆ ఫొటోను భూతద్దం పెట్టి మరోసారి చూశాను. ఆయనవి సన్నటి మడమలు, నాలుగంగుళాలకు తక్కువ ఉండవు. రెండడుగుల దూరంలో ఇనప జాలీ ఉంది, ఆయన అడుగు అప్పటికే దాన్ని తప్పించే వైపు తిరిగి ఉంది. అయినా ఆయన చూపు కిందికి లేదు, ఎదురుగా ఉంది. నాకు ఆ ఒక్కటి పట్టుబడటానికి మూడు నెలలు పట్టింది.

భవదీయుడు,
మీ పాఠకుడు
(పేరు ప్రచురించవద్దని మనవి)