మీ ఐదో క్షమాపణ అందింది

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

అయ్యా,

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంటూ మీరు పంపిన ఐదో మెయిల్ నిన్న అందింది. మొదటి నాలుగింటికీ దీనికీ తేడా ఒక్కటే: ఇందులో నా పేరు తప్పుగా రాశారు.

హిందూపురంలో నాకొక చిన్న స్టూడియో ఉంది. ఫిల్ము రోజుల నుంచీ వాడేది మీ కెమెరాలే. లేపాక్షి గుడి కప్పు మీద పరుచుకున్న వీరభద్రుడి చిత్రం ఒక్క ఫొటోలో పట్టించాలని నా కోరిక. అందుకోసం కొత్త లెన్సు కొనే ముందే మీ హెల్ప్‌లైన్‌కు ఫోను చేశాను. నా డిజిటల్ కెమెరాలో బొమ్మను పట్టే సెన్సార్ ఫిల్ము కంటే చిన్నదనీ, ఫిల్ము మీద 17 ఎం.ఎం. లెన్సు చూపినంత వెడల్పు కావాలనీ విడమరిచి చెప్పాను. "16-35 తీసుకోండి సార్, సూపర్ వైడ్" అన్నారు. తీరా బిగించి చూస్తే, చిన్న సెన్సార్ మీద లెన్సు అంకెను ఒకటిన్నర రెట్లు చేసి చూడాలి కాబట్టి, అది ఫిల్ము లెక్కలో 24 దగ్గర మొదలవుతోంది; అంకె పెరిగితే కనిపించే వెడల్పు తగ్గుతుంది. దేవుడి తల వస్తే పాదాలు రావు. నాకు కావలసింది 10 దగ్గర మొదలయ్యే లెన్సు. లెక్క నేను కూడా వేసుకోవలసింది, ఒప్పుకుంటాను. అక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

మూడో రోజే ఫోను చేశాను. తెలుగు కోసం 4 నొక్కమంటే నొక్కాను, హిందీ వచ్చింది. ఇరవై అయిదు నిమిషాలు వేణునాదం వినిపించాక ఒకాయన "కెమెరా ఆపి మళ్లీ ఆన్ చేశారా?" అని అడిగారు. ఆన్ చేస్తే మండపం పెద్దదవుతుందేమో, నాకు తెలియదు. అమ్మిన దుకాణాన్ని అడగమన్నారు. దుకాణం వాళ్లు కంపెనీ అనుమతి తెమ్మన్నారు. అనుమతికి బెంగళూరు సర్వీసు సెంటరుకు వెళ్లమన్నారు. లెన్సు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. అక్కడి కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "లెన్సులో ఏ లోపమూ లేదు" అని కాగితం చేతిలో పెట్టాడు. లోపం ఉందని నేనెప్పుడన్నాను? ఆ కాగితం చూసుకుని మీరు నా ఫిర్యాదును "పరిష్కారమైంది" అని మూసేసి, సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని సందేశం పంపారు.

మళ్లీ ఫోను చేస్తే, మార్పిడికి గడువు పది రోజులేననీ, అది దాటిపోయిందనీ చెప్పారు. ఆ పది రోజులూ నేను మీ లైనులోనే ఉన్నానండీ! లేపాక్షి రాతి బసవన్నకు మొరపెట్టుకున్నా ఈపాటికి తల ఊపేవాడు.

ఈ చుట్టుపక్కల ఎవరు కెమెరా కొనాలన్నా ముందు నా దగ్గరికి వస్తారు. ఇన్నాళ్లూ మీ పేరే చెప్పాను. ఇకపై ఏం చెప్పాలో మీరే నిర్ణయించండి. లెన్సు మారుస్తారో, డబ్బు వెనక్కి ఇస్తారో తర్వాత మాట్లాడుకుందాం. ముందు విషయం తెలిసిన మనిషి ఒకరి చేత నాకు ఫోను చేయించండి. వారం చూస్తాను, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కలుద్దాం.

అన్నట్టు, ప్రతి కాల్‌నూ శిక్షణ కోసం రికార్డు చేస్తున్నామని మీరే అంటారు కదా. నా మొదటి కాల్ వెతికి వినండి. "16-35 తీసుకోండి" అన్న మాట అందులో ఉంటుంది.

ఇట్లు,
పేరు సరిగ్గా రాస్తే చాలనుకుంటున్న మీ పాత వినియోగదారుడు