బాగున్న ఎముకనే ఎందుకు కోయించుకున్నానంటే

ఒరే సుబ్బూ,

మొన్న ఫోన్లో నువ్వు అరిచిన అరుపుకి మీ చెల్లెలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "చచ్చిన ఎముకని అలాగే ఉంచుకుని, బాగున్నదాన్ని కోయించుకున్నావా, బుద్ధుందా?" అన్నావు. ఫోన్లో నువ్వు ఎదుటివాణ్ణి మాట్లాడనిస్తే కదా! అందుకే రాస్తున్నా. అక్షరాలు వంకరగా ఉంటే తిట్టుకోకు.

మణికట్టులో గులకరాళ్లలా ఎనిమిది చిన్న ఎముకలుంటాయిరా. మధ్యలో అర్ధచంద్రాకారంలో ఉండేది ల్యూనేట్, నాకు చచ్చింది అదే. దానికి నెత్తురు తెచ్చే నాళాలు సన్నవి. ఆ సరఫరా తగ్గితే ఎముక లోపల్నుంచి చచ్చిపోతుంది. 1910లో వియన్నాలో కీన్‌బాక్ అనే ఎక్స్‌రే డాక్టరు దీని గురించి రాశాడట, జబ్బుకి ఆయన పేరే పెట్టారు. ఇది ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మగాళ్లకి, అదీ పనిచేసే చేతికే వస్తుంది. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనపడదు, ఎమ్మారైలోనే దొరుకుతుంది. కాబట్టి మొదట చూసిన డాక్టరు బెణుకన్నాడని ఆయన్ని తిట్టకు.

ఇక నీ ప్రశ్న. ముంజేతిలో రెండు ఎముకలు కదా, రేడియస్, అల్నా. నాకు అల్నా కాస్త పొట్టి. దాంతో బరువంతా రేడియస్ మీదుగా వెళ్లి ఆ ల్యూనేట్‌నే నొక్కుతోంది. అందుకని రేడియస్‌లోంచి రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క కోసి తీసేసి, ప్లేటూ స్క్రూలూ బిగించారు. నొక్కుడు తగ్గితే ల్యూనేట్ ఇంకా నలిగిపోకుండా నిలబడొచ్చు, మళ్లీ నెత్తురు పట్టే వీలూ ఉంటుంది. ముందు నాకూ నమ్మకం కలగలేదు. డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే అప్పుడు బుర్రకెక్కింది. ఆపరేషన్‌కి చెయ్యి మాత్రమే మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చారు. కోత మిషను చప్పుడు వింటూ పడుకున్నా, అచ్చం మన కొట్లో గ్రైండర్ మోతే!

ఇదంతా ఎముక ఆకారం చెడకముందే దొరికింది కాబట్టి. అల్నా పొట్టిగా లేనివాళ్లకి కాపిటేట్ అనే పక్క ఎముకని తగ్గిస్తారట, లేదా రేడియస్ వెనకనుంచి రక్తనాళంతో సహా చిన్న ఎముక ముక్క తెచ్చి చచ్చినదాంట్లో అమరుస్తారట. అప్పటికే ల్యూనేట్ పిండైపోతే ఆ వరసలో మూడు ఎముకలూ తీసేస్తారు. చెయ్యి వంగుతుంది గానీ పట్టు తగ్గుతుంది. కీలంతా అరిగిపోతే మణికట్టుని అతికించెయ్యడమే. అప్పుడు నొప్పి పోతుంది, వేళ్లు ఆడతాయి, మణికట్టు మాత్రం ఇక వంగదు. నాలా మోటార్లకి కాయిల్ చుట్టి బతికేవాడికి ఆ మాట వింటే ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు.

పుత్తూరు కట్టు కట్టిద్దామన్నావు. అది విరిగినదానికిరా, నాది విరగలేదు, నెత్తురందక చచ్చింది. సిగరెట్ తాగితే కోసిన ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుందన్నారు, అదీ మానేశా. మీ చెల్లెలికి ఆపరేషన్ కంటే దాని సంతోషమే ఎక్కువగా ఉంది.

నొప్పి బాగా తగ్గింది. ఫిజియోథెరపీ నడుస్తోంది, పూర్తిగా వంగదు, బరువులు ఎత్తనివ్వడం లేదు. మీ నాన్నగారి బోరు మోటారు కాలిందన్నావుగా, ఆటోలో వేసి పంపించు. పక్కన కూర్చుని మా కుర్రాడి చేత చుట్టిస్తా. డబ్బులు మాత్రం తీసుకుంటా, మందులు ఊరికే రావు.

నీ
రాంబాబు