తెలుగులో చెప్పిన లాజిక్ చెల్లదా?

సంపాదకులకు నమస్కారం.

నేను మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. పన్నెండేళ్లుగా జావా మీద పనిచేస్తున్నాను. నెలకు రెండు శనివారాలు ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేసే ప్యానెల్‌లో కూర్చుంటాను. మొన్నటి నియామక డ్రైవ్‌లో జరిగింది మనసులోంచి పోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కళ్యాణదుర్గం దగ్గర పల్లె నుంచి ఒకమ్మాయి వచ్చింది. రాత్రంతా బస్సులో కూర్చుని, అమీర్‌పేటలో స్నేహితురాలి హాస్టల్లో ముఖం కడుక్కుని నేరుగా వచ్చిందట. లింక్డ్ లిస్ట్ అంటే ఒక్కో డబ్బా తన తర్వాతి డబ్బాను చూపించే గొలుసులాంటి జాబితా. అందులో లూప్ ఉందో లేదో, అంటే గొలుసు చివరికి చేరకుండా వెనక్కి తిరిగి అక్కడక్కడే చుట్టూ తిరుగుతోందో లేదో, ఎలా కనిపెడతావని అడిగాను. ఇంగ్లీషులో మొదలుపెట్టి రెండు మాటలకే ఆగిపోయింది. చేతిలో పెన్ను వణుకుతోంది. "తెలుగులో చెప్పమ్మా" అన్నాను. అంతే, కాగితం మీద డబ్బాలు గీసి బాణాలు వేయడం మొదలుపెట్టింది.

"ఊళ్లోంచి గుడికి ఇద్దరు పోతున్నారు అనుకోండి మేడమ్. ఒకరు ఒక్కో అడుగు, ఇంకొకరు రెండేసి అడుగులు. దారి తిన్నగా పోతే జోరుగా నడిచే మనిషి చివరికి చేరిపోతుంది, అంటే లూప్ లేదు. గుడి చుట్టూ ప్రదక్షిణలో పడ్డారా, ఎక్కడో ఒకచోట కలవాల్సిందే."

"కలవకుండా దాటేసి పోవచ్చుగా?" అన్నాను.

"ఎట్లా పోతారు మేడమ్? ఒక్కో విడతకి వాళ్ల మధ్య దూరం ఒక్క అడుగే తగ్గుతుంది కదా. సున్నా కాకుండా దాటలేరు."

ఆ రోజే అంతకుముందు నలుగురు ఈ ప్రశ్నకు ఇంగ్లీషులో గడగడా జవాబు చెప్పారు. దాటేసి పోరా అంటే మాత్రం ఒక్కరూ నోరు మెదపలేదు.

అయినా ఆ అమ్మాయి ఎంపిక కాలేదు. ఫారంలో కమ్యూనికేషన్ గడిలో నా తోటి ప్యానెలిస్ట్ 5కి 2 వేశారు. అందులో 3 రాకపోతే మిగతా మార్కులు ఎన్ని ఉన్నా లెక్కలోకి రావు. నేను వాదించాను, ఫలితం లేదు. వెళ్లేముందు "మళ్లీ ఎప్పుడు రావచ్చు మేడమ్?" అని అడిగింది. ఆరు నెలల దాకా దరఖాస్తు పెట్టకూడదన్న నిబంధన చెప్పడానికి నాకు నోరు రాలేదు.

క్లయింట్లతో ఇంగ్లీషులోనే మాట్లాడాలి, కాదనను. కానీ మా టీమ్‌లో ఏ ఫ్రెషర్‌నీ మొదటి ఆరు నెలలు క్లయింట్ కాల్‌లో మాట్లాడనివ్వం. ఈలోగా కోడ్ చదవాలి, బగ్గులు సరిచేయాలి, పక్క సీటువాళ్లను అడిగి తెలుసుకోవాలి. ఆ అడగడం మా ఫ్లోర్‌లో సగం తెలుగులోనే జరుగుతుంది. నేను వినుకొండలో పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇంగ్లీషు ఉద్యోగంలో చేరాక పట్టుబడింది. ఆలోచించడం అలా ఆరు నెలల్లో నేర్పగలిగేది కాదని కొత్తవాళ్లకు పని నేర్పిన అనుభవంతో చెబుతున్నాను.

2021 నుంచి జేఈఈ మెయిన్ తెలుగులో రాయవచ్చు. ఇంజినీరింగ్‌ను తెలుగులో బోధించడానికి సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అదే ఏడాది అనుమతించింది. తీరా ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి మేమే తలుపు వేస్తున్నాం.

హైదరాబాద్, విశాఖ కంపెనీల హెచ్‌ఆర్ పెద్దలకు నా మనవి ఒక్కటే. టెక్నికల్ రౌండ్ మార్కులను, భాష మార్కులను కలపకండి. ఇంటర్వ్యూకి పిలిచే మెయిల్‌లోనే "టెక్నికల్ రౌండ్‌లో తెలుగులో జవాబు చెప్పవచ్చు" అని ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం మా కంపెనీ మెయిల్‌లో చేర్చమని నేను ఈ సోమవారమే రాసి ఇచ్చాను, ఆ అమ్మాయి డబ్బాలు గీసిన కాగితాన్ని కూడా జతచేసి.

— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మియాపూర్, హైదరాబాద్